ఆలోచించుకోవడానికి మూడు రోజులు

గిన్నె అడుగున అట్టకట్టిన ఓట్స్ జావని చెంచాతో గీకుతూ ఉండగా రెన్స్కె ఫోను మోగింది. చెయ్యి తుడుచుకోవడానికి కూడా ఆగకుండా ఎత్తింది. ఇల్లు అమ్మించే ఏజెంటు. “హలో, హిడ్డె ఉన్నారాండీ?” అన్నాడు.

ఒళ్లు మండింది ఆమెకి. మండదా మరి! ఆ ఇంటిని పట్టుకున్నది ఆమె. చూడడానికి టైము తీసుకున్నది ఆమె. మూడేళ్ల పిల్లని చంకనేసుకుని వర్షంలో వెళ్లి, మెట్ల కింద బీరువాలో చెమ్మ వాసన వస్తోందా లేదా అని తల దూర్చి మరీ చూసినది ఆమె. ఈ ఏజెంటుతో ఇప్పటికి తొమ్మిదిసార్లు మాట్లాడింది. అయినా అసలు కబురు మాత్రం పిల్ల తండ్రి హిడ్డెకే చెప్పాలిట. “ఆఫీసులో ఉన్నాడండీ. నాకు చెప్పండి, ఆ ఇల్లు కొనేవాళ్లలో నేనూ ఉన్నాను” అంది. అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. “మీ ఆఫరు ఒప్పుకున్నారండీ. అభినందనలు!”

రెన్స్కె ఉన్నపళంగా వంటింటి గచ్చు మీద కూలబడింది. మూడేళ్లుగా వెతుకుతున్నారు. ఏడు ఇళ్లకి ఆఫరు పెడితే ఏడూ చేజారాయి. దేవెంటర్‌లో, నదికి అవతలి గట్టున, వరస ఇళ్లలో చివరిది, వెనక పియర్ చెట్టు, పొద్దుటి ఎండ వంటింట్లోకి వచ్చే ఇల్లు. తమది అవుతోంది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఫెన్నా వచ్చి తల్లి ముందు నిలబడి, “అమ్మా, ఎందుకు కింద కూచున్నావ్?” అంది.

“ఇల్లొచ్చిందే తల్లీ!”

పిల్ల వెంటనే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. “ఏదీ? ఎక్కడిదాకా వచ్చింది?”

సాయంత్రం హిడ్డె ఇంటికొచ్చి ఆమెని ఎత్తి గిర్రున తిప్పాడు. తరవాత వాళ్ల నాన్నకి ఫోను చేశాడు. “నాన్నా, కొట్టేశాను ఇల్లు! బేరం ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాను చూడూ, అదీ!” అంటున్నాడు. బంగాళాదుంపలు తొక్క తీస్తూ రెన్స్కె వింది. అంకె ఎంత పెట్టాలో రాత్రి మంచం మీద లెక్కేసి చెప్పింది తనే. అయినా ఏమనలేదు. ఆ పూట ఆమె సంతోషంలో అలాంటివి పది కలిసిపోయినా కనపడవు.

హిడ్డె చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే వినేవాళ్లు ఇప్పట్నించే అతని మీద కత్తులు నూరతారు. గొంతు పెంచడు. కాలవలూ కరకట్టలూ చూసుకునే నీటిశాఖలో ఇంజనీరు. ఎనిమిదేళ్లుగా ఇద్దరూ కలిసి ఉంటున్నారు. పెళ్లి చేసుకోలేదు, అవసరమని ఇద్దరికీ అనిపించలేదు. రెన్స్కె కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తుంది, వారానికి మూడు రోజులు. అంతకుముందు అయిదు రోజులు చేసేది. ఫెన్నా పుట్టాక మూడయ్యాయి. హిడ్డెవి అయిదు నాలుగయ్యాయి.

ఆ మిగిలిన ఒక్కరోజు, శుక్రవారం, హిడ్డె నాన్నరోజు. నాన్నరోజు అనేది పెద్ద ముచ్చట. వీధిలో వాళ్లకి తెలుసు, ఆఫీసులో వాళ్లకి తెలుసు, శిశువిహారంలో పంతులమ్మ అయితే, “అదృష్టవంతురాలివమ్మా, ఎంతమంది చూసుకుంటారు అలా!” అంటుంది. శుక్రవారం పదింటికల్లా మెప్పెల్ నుంచి రైల్లో హిడ్డె వాళ్లమ్మ టీనకె దిగుతుంది. బఠాణీ సూపు కాస్తుంది, పిల్లకి పాలు కలుపుతుంది, నిద్రపుచ్చుతుంది. హిడ్డె షెడ్డులో సైకిలు గొలుసుకి నూనె వేస్తూ, నూనె చేత్తోనే పిల్లని ఎత్తుకుని ఫోటో తీసి పంపుతాడు. రెన్స్కె సోమవారం, బుధవారం చూసుకుంటుంది. ఆ రోజులకి పేరేమీ లేదు. వాటిని సోమవారం, బుధవారం అంటారు.

ఆఫరు ఒప్పుకున్నాక ఇక చేయాల్సిన పనులు ఒకటా రెండా! “నువ్వు సోమవారం, బుధవారం ఇంట్లోనే ఉంటావుగా, కొంచెం చూసుకో” అన్నాడు హిడ్డె. ఆ కొంచెం ఎంతంటే, అప్పిచ్చే బ్యాంకుకి జీతం కాగితాలు ఇద్దరివీ స్కాన్ చేయాలి, చదువుకున్నప్పటి బాకీల చీటీ తేవాలి, విలువ కట్టేవాడికి రోజు ఖాయం చేయాలి, దస్తావేజు రాసే నోటరీలు ముగ్గురి ధరలు కనుక్కుని ఒకర్ని ఎంచుకోవాలి, ఇల్లు తనిఖీ చేసేవాణ్ని పిలవాలి. ఆ తనిఖీ మనిషి సోమవారం వచ్చాడు. వాకిలి దగ్గర చెక్క మూత ఎత్తి, నేల కింద ఉండే ఖాళీలోకి బోర్లా పాక్కుంటూ వెళ్లాడు. నేనూ వెళ్తానని ఫెన్నా ఒకటే గొడవ. పిల్లని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను లైటు కన్నంలోకి చూపిస్తూ ముప్పావుగంట నిలబడింది రెన్స్కె. మట్టికొట్టుకుని బయటికొచ్చిన ఆ పెద్దమనిషి, “దూలాలు గట్టిగానే ఉన్నాయమ్మా. మిగతాది మీ ఆయనకి వివరంగా చెప్తాలెండి” అన్నాడు. “నాకే చెప్పండి, నేనే రాసుకుని ఆయనకి చెప్పాలి” అంది.

బుధవారం ఫెన్నా పడుకున్నాక అప్పు కాగితాలు ముందేసుకుంది. నలభై మూడు పేజీలు. హిడ్డె మొదటి పేజీ, చివరి పేజీ చూసి “అంతా మామూలే” అన్నాడు. ఆమె అన్నీ చదివింది. పందొమ్మిదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. అప్పు తీసుకున్న ఇద్దరిలో ప్రతి ఒక్కరూ మొత్తం అప్పుకి పూచీ. సగానికి కాదు, మొత్తానికి. ఒకరు కట్టకపోతే రెండోవాళ్ల దగ్గర ఆఖరి పైసా దాకా బ్యాంకు వసూలు చేసుకుంటుంది. భయమేమీ వేయలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. మూడు రోజులు పనిచేసే తనని బ్యాంకు నిండు మనిషిగా లెక్కలోకి తీసుకుందన్న మాట.

గురువారం మధ్యాహ్నం ఏజెంటు ఆఫీసులో కొనుగోలు ఒప్పందం మీద సంతకాలు. ప్రతి పేజీకి ఇద్దరూ పొడి సంతకం చేశారు. నకలు చేతికిచ్చి ఏజెంటు నవ్వాడు. “రేపట్నించి మీకు ఆలోచించుకోవడానికి మూడు రోజులు. మధ్యలో శనాదివారాలు వచ్చాయి కాబట్టి సోమవారం దాకా టైముంది. వద్దనుకుంటే కారణం చెప్పక్కర్లేదు, దండగ కట్టక్కర్లేదు. ఎవరూ వద్దనుకోరనుకోండి!” తరవాత నోటరీ పంపిన ఫారం తీశాడు. అందులో ఒక గడి. ఇల్లు ఎవరి పేర్న ఎంతెంత? రెన్స్కె చేతిలో పెన్ను అప్పటికే ఆ గడి మీదికి వెళ్లింది. హిడ్డె ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, మెత్తగానే. “అది ఉండనీ. ఆదివారం నాన్నతో ఒక మాట అనుకుని చెప్దాం.”

ఇన్నాళ్లూ ఏ ఫారంలో ఏ గడి నింపడానికీ నాన్నతో మాట అనుకోవాల్సిన పని పడలేదు. చెమ్మ వాసన గురించి నాన్నని అడగలేదు. నోటరీ ధరల గురించి అడగలేదు. ఈ ఒక్క గడికి నాన్న కావలసి వచ్చాడు. సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె ఆ గడి గురించే ఆలోచించింది. పెళ్లయినవాళ్లయితే వేరు. తమకి కాగితం మీద ఏం రాస్తే అదే. ఆ గడిలో ఎంత పడితే ఆ ఇంట్లో తను అంత.

ఆదివారం టీనకె పుట్టినరోజు. మెప్పెల్‌లో అత్తగారింట్లో, పెళ్లి కాకపోతే మాత్రం అత్తగారు అత్తగారు కాకపోతుందా, కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. వచ్చినవాళ్లు అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆ గుండ్రం చుట్టూ తిరిగి అందరికీ చెయ్యిచ్చి అభినందనలు చెప్పారు. మీ అమ్మ పుట్టినరోజుకి నీకు అభినందనలు, మీ అత్తగారి పుట్టినరోజుకి నీకు అభినందనలు, మీ నాయనమ్మ పుట్టినరోజుకి నీకు బుజ్జీ. మోకాళ్ల మీద కేకు పళ్లేలు, చేతిలో కాఫీ. హిడ్డె నాన్న గెర్బెన్ ముప్పయ్యేళ్లు పురపాలక సంఘంలో పన్నుల లెక్కలు చూసిన మనిషి. గుండ్రంలో కూచుంటే సభాధ్యక్షుడిలాగే ఉంటాడు. అందరూ కొత్తింటి గురించి అడగడం అయ్యాక పళ్లెం పక్కన పెట్టి మొదలుపెట్టాడు.

“చూడమ్మాయ్, నేను ముక్కుసూటిగా మాట్లాడే మనిషిని, ఏమీ అనుకోకు. జీతం వాడిది పెద్దది. చేతిలోంచి పెడుతున్న డబ్బూ వాడు దాచుకున్నదే. రేపేదైనా అయితే... కాకూడదనుకో... నూటికి డెబ్బై వాడిది, ముప్పై నీది అని కాగితం మీద ఉంటే ఎవరికీ తగువుండదు. న్యాయం న్యాయమే కదా?”

న్యాయమే అన్నట్టు ఒక పినమామగారు తలాడించాడు. ఒక పెద్దమ్మ కేకు మీది స్ట్రాబెర్రీని జాగ్రత్తగా రెండు ముక్కలు చేసుకుంది. రెన్స్కె హిడ్డె వంక చూసింది. హిడ్డె తన పళ్లెంలోకి చూస్తున్నాడు, అందులో గండిపడిన కాలవేదో ఉన్నట్టు.

“అప్పు కూడా నాది ముప్పయ్యేనా మావయ్యగారూ?” అంది రెన్స్కె. గొంతు తను అనుకున్నదానికన్నా స్థిమితంగా వచ్చింది.

“అప్పు సంగతి వేరమ్మా. అప్పుకి ఇద్దరూ మొత్తం పూచీ. బ్యాంకు రూలు అది.”

“అంటే ఇంట్లో ముప్పై, అప్పులో నూరు.”

గెర్బెన్ పన్నుల మనిషి కాబట్టి లెక్క తప్పని అనలేకపోయాడు. ఎవరో దగ్గారు. “ఇంకో కాఫీ ఎవరికి?” అంటూ టీనకె లేచింది. ఆవిడ లేస్తే వెనకే లేవడం రెన్స్కెకి అలవాటు. ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లింది.

టీనకె తలుపు దగ్గరగా వేసింది. పుట్టినరోజు మనిషి, ముత్యాల దండ వేసుకుంది, చేతులకి మాత్రం సబ్బు నురగ. “మీ మావయ్య అది న్యాయమనే అనుకుంటున్నాడే పిచ్చిదానా. ఆయనకి తెలీదు. నేను ఉద్యోగం మానేసింది హిడ్డె కడుపులో ఉన్నప్పుడు. ముప్పై ఆరేళ్లయింది. ఆ తరవాత ఒక్క జీతం ఇంటికి తేలేదు. ఈ ఇంట్లో నాదెంతో తెలుసా? సగం.”

“మావయ్యగారు రాశారా?”

“రాయడానికి ఆయనెవరు! పెళ్లినాడు చట్టమే రాసింది. అప్పట్లో పెళ్లంటే అన్నీ సగం సగం. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. మీరు కొత్తకాలం పిల్లలు, పెళ్లీ గిళ్లీ వద్దన్నారు. బాగుంది, నాకేం కష్టం లేదు. కానీ చట్టం మీ గుమ్మం తొక్కదు. నువ్వే అడుక్కోవాలి.” ఆగింది. “అడుక్కోవడమేంటి నా మొహం! అడగాలి.”

రెన్స్కె చేతిలో కప్పుల్ని తొట్లో పెట్టింది. చంటిపిల్లాణ్ని చంకనేసుకుని వంటింట్లో బతుకు గడిపేసిందని అత్తగారి మీద ఎన్నోసార్లు జాలిపడింది తను. నేను అలా బతకను అని ఎన్నోసార్లు గొప్పగా అనుకుంది. ఆ వంటింటి మనిషికి సగం ఇల్లుంది. ఉద్యోగం ఉన్న తనకి, స్వతంత్రం ఉన్న తనకి, నూటికి ముప్పై. సిగ్గేసింది, నవ్వొచ్చింది. “ఈ మాట అక్కడ అందరి ముందూ అనొచ్చుగా అత్తయ్యా?”

“నా పుట్టినరోజుకి నేనే గొడవ పెట్టుకోనా? నా సగం నా దగ్గరుంది. నీ సగం నువ్వు తెచ్చుకో” అని టీనకె కాఫీ జగ్గు ఆమె చేతికిచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఫెన్నా వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. హిడ్డె బండి నడుపుతూ అన్నాడు, “నాన్న అన్నదాంట్లో తప్పేముంది రెన్స్? మనమేమన్నా విడిపోతున్నామా? కాగితం కాగితమే.”

“కాగితం కాగితమే అయితే సగం అని రాయడానికి నీకేంటి కష్టం?”

అతను “చూద్దాంలే, ఆలోచిద్దాం” అన్నాడు. రేపటితో ఆలోచించుకునే గడువు అయిపోతుందని అతనికి గుర్తులేదు. గడువులు గుర్తుపెట్టుకునేది ఆమె కదా.

సోమవారం పొద్దున ఏజెంటు ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడి అమ్మాయి ఎత్తింది. “మా ఇద్దరిలో ఒక్కరే వద్దంటే ఏమవుతుంది?” అని అడిగింది రెన్స్కె. “కొనేవాళ్లు మీరిద్దరూ కదండీ. ఒకరు కాదంటే ఒప్పందం రద్దు. ఇవాళంతా టైముంది, మా ఆఫీసు మాత్రం అయిదింటికి మూసేస్తాం. ఏమైందండీ, ఇల్లు నచ్చలేదా?” “చాలా నచ్చింది” అంది రెన్స్కె.

బల్ల దగ్గర కూచుని ఫోనులో రెండు వాక్యాల ఉత్తరం రాసింది. ఒప్పందం నుంచి నేను తప్పుకుంటున్నాను. కింద పేరు. పంపలేదు. పియర్ చెట్టు గుర్తొచ్చింది. వంటింట్లో ఎండ గుర్తొచ్చింది. ఇది పోతే ఎనిమిదోది. మళ్లీ ఈ ఇరుకు అద్దె కొంపలో ఇంకో మూడేళ్లు, మెట్ల మీద తడి బట్టలు, పక్కింటివాళ్ల టీవీ. ముప్పై అయితే ఏమైందే, ఎండ నూటికి ముప్పై వంతులే పడుతుందా అని ఒక మనసు అంది. మంచివాడే కదా, నిన్నేమన్నా రోడ్డు మీద పడేస్తాడా అని కూడా అంది. నిజమే, పడేయడు. కానీ అతని మంచితనం మీద ఆధారపడి ఒక ఇంట్లో ఉండడం వేరు, తనింట్లో తను ఉండడం వేరు. అయిదు రోజులు మూడు ఎలా అయ్యాయి? ఇద్దరూ కూచుని మాట్లాడుకుని చేసిన పనే అది. ‘ఇద్దరి జీతం, ఇద్దరి పిల్ల, అన్నీ ఒకటే కదా’ అని అప్పుడు అన్నది హిడ్డే. అప్పుడు ఒకటైనవి ఇప్పుడు డెబ్బై, ముప్పై ఎలా అవుతాయి? ఈ ప్రశ్నకి ఎటునుంచి చూసినా జవాబు దొరకలేదు. దొరకనందుకు ఆమెకి ధైర్యం వచ్చింది.

పన్నెండున్నరకి, హిడ్డె రొట్టె తినే టైముకి, ఫోను చేసింది. “అయిదింటికి ఏజెంటు ఆఫీసు మూస్తారు. నాలుగున్నరకి నేను ఒక ఉత్తరం పంపిస్తున్నాను. ఇల్లు కొనడం లేదని.”

“ఏంటీ? నీకు పిచ్చా?”

“పిచ్చి కాదు, చట్టం. ఇవాళ ఆఖరు రోజు. నాలుగున్నరలోపు నువ్వు నోటరీకి ఫోను చేసి సగం సగం అని రాయించు. రాసినట్టు వాళ్లు నాకు మెయిల్ పంపాలి. అప్పుడు ఉత్తరం పంపను.”

అవతల నమలడం ఆగింది. “రెన్స్... నాన్నతో...”

“నాన్న కొనడం లేదు ఇల్లు. మనం కొంటున్నాం.”

“సరే, సరే. నువ్వే చేసి చెప్పెయ్యొచ్చుగా మరి? వాళ్లతో మాట్లాడేది నువ్వేగా?”

“అందుకే. ఈ ఒక్క ఫోను నువ్వు చెయ్యి.”

“నంబరు?”

“వెతుక్కో” అని పెట్టేసింది. కోపం కాదు, భయమే. అతను చేయకపోతే ఆ ఉత్తరం పంపాల్సిందే. ఊరికే బెదిరించడానికి రాసింది కాదు, పంపుతుంది. పంపి, తరవాత వంటింట్లో కూచుని ఏడుస్తుంది. అదీ తెలుసు.

ఫెన్నాతో కూచుని చెక్కముక్కలతో మేడ కట్టింది. పిల్ల కూల్చింది, మళ్లీ కట్టింది. రెండయింది, మూడయింది. మూడున్నరకి పిల్లకి యాపిల్ కోసిచ్చి గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. నాలుగూ పదికి మెయిల్ వచ్చింది, నోటరీ ఆఫీసు నుంచి. రెండుసార్లు చదివింది. కొనుగోలుదారులు ఇద్దరూ సమాన భాగాలతో, చెరి సగం. ఉత్తరాన్ని చెరిపేసి, మొహం కడుక్కుంది. నీళ్లు చల్లగా, హాయిగా తగిలాయి.

హిడ్డె రోజూకన్నా గంట ముందే వచ్చాడు, వానలో తడిసి. కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఒకావిడ ఎత్తింది. ఫైలు నంబరు అడిగింది, తెలీదన్నాను. తనిఖీ రిపోర్టు తేదీ అడిగింది, తెలీదన్నాను. అప్పు కాగితం ఏ రోజు వచ్చిందంటే అదీ తెలీదు. అసలు మీరు ఆ ఇల్లు కొనే ఆయనేనా అంది.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “తరవాత అడిగింది, డబ్బు ఎక్కువ మీరే పెడుతున్నారు కదా, మరి సగం సగం అంటున్నారు, ఆవిడ ఏం పెడుతున్నారు అని. చెప్పడం మొదలెట్టాను. ఫెన్నా పుట్టిన దగ్గర్నించి. చెప్తూనే ఉన్నాను. కాసేపటికి ఆవిడే ఆపింది. చాలండీ, ఇదంతా దస్తావేజులో రాయం, సగం అని రాస్తే సరిపోతుంది అంది.”

అతని జుట్టు నుంచి నీళ్లు గచ్చు మీద కారుతున్నాయి. రెన్స్కెకి అతని మీద బోలెడు ప్రేమ కలిగింది. థాంక్స్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెత్తడబ్బా బయటపెట్టినా, పిల్లకి స్నానం చేయించినా ఎనిమిదేళ్లుగా చెప్తున్న మాట, దానంతటదే వచ్చేస్తుంది. తనది తనకి వచ్చినందుకు థాంక్స్ ఏమిటి అనుకుని, ఆ మాటని మింగేసింది. బంగాళాదుంపల సంచీ, తొక్క తీసే కత్తీ తీసి బల్ల మీద అతని ముందు పెట్టింది. ఫెన్నాకి వాన కోటు తొడిగి, సైకిలు ముందు సీట్లో కూచోబెట్టుకుని, నది అవతలికి, తన ఇల్లు చూసుకోవడానికి బయల్దేరింది.